పరిశోధకుడు యాచకుడు కాడు

సాంకేతిక విద్యాలయములకు మేడలు లేచుచున్నవి. 2008లో హైదరాబాదునకు, 2015లో తిరుపతికి ఐ.ఐ.టి.లు వచ్చినవి. సంతోషమే. కాని ఆ ప్రయోగశాలలలో రేయింబవళ్లు శ్రమించు పరిశోధక యువకుల గతి యేమి?

జూనియరు పరిశోధకునకు కేంద్ర ప్రభుత్వము నిర్ణయించిన నెలభత్యము 2014లో 25 వేలు. 2019లో 31 వేలు. 2023లో 37 వేలు. ధరలు ఏటేట పెరుగును. భత్యము నాలుగైదేండ్ల కొకమారు కదలును. అదియు ఊరక కదలదు. 2019 నాటి పెంపు పరిశోధకులు వీథుల కెక్కిన పిదపనే వచ్చినది.

"వారు విద్యార్థులు గదా, జీతమేల?" యని కొందరు పెద్దలు సెలవిచ్చుచున్నారు. యంత్రములు నడుపువారు వీరే, ఫలితములు లెక్కకట్టువారు వీరే, పలుచోట్ల బి.టెక్. పిల్లలచే ప్రయోగములు చేయించువారును వీరే. పని పుచ్చుకొనునపుడు ఉద్యోగి, ప్రతిఫల మడిగినపుడు విద్యార్థియా? ఒకే వ్యాజ్యమున రెండు విరుద్ధ వాదములు ఏ న్యాయస్థానమునను చెల్లవు.

2020-21లో దేశోత్పత్తి నూరు రూపాయలైనచో పరిశోధనకు దక్కినది 64 పైసలు. ఈ చిల్లరతో విజ్ఞానమున అగ్రరాజ్యము కాగలమా?

భత్యము ధరలతోపాటు ఏటేట పెరుగవలెను. నెల మొదటి తేదీననే చేతి కందవలెను. మేము దానము కోరుటలేదు, న్యాయము కోరుచున్నాము. మేధావులు విదేశములకు తరలిపోవుచున్నారని సభలలో వగచుట సులభము. వారి కిచట నిలువ నీడ కల్పించుట పాలకుల విధి. ఆ విధిని వారికి జ్ఞప్తికి తెచ్చుట మన విధి.