బీరువా సర్కారుది, వేళ్ళు ఎవరివి?

సెక్రటేరియట్ నుంచి మండలాఫీసు దాకా ఇనుప బీరువా లేని గది దొరకదు. దాన్ని కొనే టెండరులో రేకు మందం రాస్తరు, రంగు రాస్తరు, తాళం ఎట్లుండాలెనో కూడా రాస్తరు. ఆ రేకును ఏ మిషను మీద వంచిన్రని మాత్రం అడగరు. కార్మికుని వేళ్ళు పోయేది అక్కడనే.

రేకుల పని ఈ నగరానికి కొత్త కాదు. 1942లో మొదలైన హైదరాబాద్ ఆల్విన్ బీరువాలు, బస్సు బాడీలు, ఫ్రిజ్‌లు తయారు చేసింది. 1990లలో దాని ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్ చేతికి పోయింది. పెద్ద కంపెనీ పోయినా పని పోలేదు. బాలానగర్, జీడిమెట్ల చిన్న షెడ్లల్లో నడుస్తనే ఉన్నది.

పాత మెకానికల్ ప్రెస్ బ్రేక్‌నే చూడండి. ఫ్లైవీల్ తిరుగుతుంటది. కాలితో పెడల్ తొక్కితే క్లచ్ పడి, పైనున్న పంచ్ దిగి రేకును డైలోకి నొక్కుతది. పాత రకం క్లచ్ ఒకసారి పడ్డదంటే చుట్టు పూర్తయ్యేదాకా ఆగదు. చిన్న ముక్క వంచాలంటే వేళ్ళు డై పక్కనే పెట్టాలె. హైడ్రాలిక్ మిషనైతే నడుమల ఆపొచ్చు, ముందర లైట్ కర్టెన్ బిగించొచ్చు. వేలు తెగినప్పుడల్లా ‘ఆపరేటర్ అజాగ్రత్త’ అంటరు. పదో గంట డ్యూటీల కాలు ఒక్క క్షణం ముందు పడితే అది అజాగ్రత్తనా?

అసలు బీరువాకు అంత మిషను దేనికి? 2 మిల్లీమీటర్ల మైల్డ్ స్టీల్ రేకును మీటరు పొడవున వంచాలంటే సుమారు 16, 17 టన్నుల ఒత్తిడి కావాలె. 20 గేజి బీరువా రేకు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. దానికి రెండు మీటర్ల పొడవునా 15 టన్నులు చాలు. అసొంటి పనికి ఫోల్డింగ్ మిషను ఉన్నది. పై దూలం రేకును అదిమి పడుతది, ముందరి దూలం లేచి వంచుతది. పంచ్ లేదు, డై లేదు. చెయ్యి వంపు కాడ ఉండే అవసరమే లేదు. డబ్బా ఆకారాలకు పైదూలం ముక్కలుగా విడిపోయే రకం దొరుకుతది. మందపు ప్లేటుకు పనికిరాదన్నది నిజమే. బీరువా మందపు ప్లేటు కాదు కదా! చేతితో తిప్పే ఫోల్డర్ అయితే సీఎన్‌సీ ప్రెస్ బ్రేక్ కన్నా ఎంతో అగ్గువ.

చట్టం కాపాడుతదా? 1948 ఫ్యాక్టరీల చట్టం కరెంటు వాడే చోట 10 మంది ఉంటేనే ఫ్యాక్టరీ అన్నది. 2020లో పార్లమెంటు చేసిన కోడ్ ఆ లెక్కను 20కి పెంచింది. ఆరుగురు పనిచేసే షెడ్డు అప్పుడూ బయటనే, ఇప్పుడూ బయటనే. 1923 నష్టపరిహార చట్టం మాత్రం లెక్క కట్టి పెట్టింది: బొటనవేలు పోతే సంపాదన శక్తిల 30 శాతం, చూపుడు వేలు పోతే 14 శాతం నష్టమట!

చట్టం చేరని షెడ్డుకు సర్కారు ఆర్డరు చేరుతది. కాబట్టి కొనుగోలు ఫైళ్ళు రాసే ఉద్యోగులారా, వచ్చే టెండరుల ఒక్క వాక్యం చేర్పించండి: రక్షణ లేని ప్రెస్ మీద వంచిన సరుకు తీసుకోబోమని. ఐటీఐల షీట్ మెటల్ ట్రేడ్ చదివే తమ్ముళ్ళు కూడా మొదటిరోజే మిషను దగ్గరికి పోయి, దీన్ని నడుమల ఎట్ల ఆపాలె అని అడగాలె.