మైకు మన చేతికొచ్చింది, ఎవరిని ఒప్పిస్తున్నాం?



ఆగస్టు 9 దగ్గర పడుతుంటే మన ఊళ్ళల్లో హడావుడి మొదలవుతుంది. డోలు, తుడుం, జెండా, ర్యాలీ, ఆ తర్వాత మైకు. గొంతు బొంగురుపోయేదాకా మాట్లాడతాం. చప్పట్లు మోగుతాయి, వీడియోలు స్టేటస్‌లకు ఎక్కుతాయి. మర్నాడు చూస్తే ఆఫీసులో మన ఫైలు ఉన్నచోటే ఉంటుంది. అప్పుడు మనలోనే ఎవరో ఒకరు అంటారు: "మాటలతో ఏమైతదన్నా, ఎంత మాట్లాడినా ఇంతే."

మాటలతో కాదు అనేవాళ్ళు ఒక్కసారి ఇంద్రవెల్లిని గుర్తు చేసుకోవాలి. 1981 ఏప్రిల్ 20న అక్కడికి జనం వచ్చింది ఒక సభకు. భూమి గురించి మాట్లాడుకోవడానికి, వినడానికి వచ్చారు. ఆ సభ జరగనివ్వలేదు, కాల్పులు జరిపారు. చనిపోయింది 13 మంది అని ప్రభుత్వం చెప్పింది, అంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ అని హక్కుల సంఘాలు చెప్పాయి. మాటకు బలమే లేకపోతే ఒక సభను ఆపడానికి తుపాకులు ఎందుకు?

కాబట్టి మాటకు బలం ఉంది. అయితే ఏ మాటకు ఉంది, ఎక్కడ చెప్తే ఉంది అన్నదే మనం ఆలోచించాల్సింది.

భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌లో కాగజ్‌నగర్ వైపు నుంచి వచ్చి, సికింద్రాబాద్‌లో దిగి, చదువు కోసమో పని కోసమో చిలకలగూడ, వారాసిగూడ గదుల్లో ఉంటున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఇది చదువుతుంటారు. మీరు నడిచే ఆ గల్లీల నుంచే జె. ఈశ్వరీబాయి వచ్చారు. 1918లో పుట్టిన దళిత బిడ్డ. టీచరుగా పనిచేశారు, చిలకలగూడలో బడి పెట్టి పేద ఆడపిల్లలకు చదువు చెప్పారు. 1950ల మొదట్లో కార్పొరేషన్ ఎన్నికల్లో ఇదే చిలకలగూడ నుంచి స్వతంత్రంగా నిలబడి గెలిచారు. 1967లో రిపబ్లికన్ పార్టీ తరఫున ఎల్లారెడ్డి నుంచి అసెంబ్లీకి వెళ్ళారు, 1972లో మళ్ళీ గెలిచారు.

1968లో కృష్ణా జిల్లా కంచికచర్లలో కోటేశు అనే దళిత యువకుణ్ణి దొంగతనం పేరు పెట్టి సజీవంగా తగలబెట్టారు. ఆ దారుణం మీద అసెంబ్లీలో ప్రభుత్వాన్ని గట్టిగా నిలదీసిన గొంతుల్లో ఈశ్వరీబాయిది ముందు వరసలో ఉంది. ఆమె మన బస్తీలోనే మాట్లాడి ఊరుకోవచ్చు. బస్తీలో అందరూ ఔనంటారు. కానీ తీసుకెళ్ళి, వినడం ఇష్టం లేనివాళ్ళ మధ్య నిలబడి అడిగారు. మంత్రి జవాబు చెప్పక తప్పని చోట అడిగారు. అసెంబ్లీలో మాట్లాడింది రికార్డులోకి ఎక్కుతుంది. గాలిలో కలిసిపోదు.

ఇప్పుడు మన సంగతి చూసుకుందాం. మన ఉపన్యాసాల్లో ఎక్కువ భాగం మనవాళ్ళకే చెప్తున్నాం. మనవాళ్ళకు ధైర్యం చెప్పడం అవసరమే, కాదనను. కానీ ధైర్యం చెప్పడం వేరు, ఒప్పించడం వేరు. మనల్ని ఒప్పుకోనివాడు ఆలోచనలో పడితేనే అది ఒప్పించడం.

అదెట్లా ఉంటుందో 1917లో బెజవాడలో కనిపించింది. హైదరాబాద్ నుంచి భాగ్యరెడ్డి వర్మ ఆ సభకు అధ్యక్షుడుగా వెళ్ళారు. బోర్డు మీద ఉన్న పేరు 'పంచమ' సభ. వర్మ ముందు ఆ పేరునే పట్టుకున్నారు. ఈ ఐదో వర్ణం ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు పెట్టారు, మేం ఈ నేల మొదటి మనుషులం కదా అని వాదించారు. అది ఆది ఆంధ్ర సభ అయింది. 1922 నాటికి మద్రాసు ప్రభుత్వమే ఆ పేరును కాగితాల మీద ఒప్పుకుంది. ఎదుటివాడు పెట్టిన పేరుతోనే మాట మొదలుపెడితే సగం ఓడిపోయినట్టే అని ఆయనకు తెలుసు.

ఇదే పని రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా చేశారు. 1928 ఒలింపిక్స్‌లో హాకీ జట్టుకు కెప్టెన్‌గా వెళ్ళిన మనిషి. 1946 డిసెంబర్ 19న లేచి, జనం తిట్టుగా వాడే 'జంగ్లీ' అన్న మాటను తన మీద తానే గర్వంగా వేసుకున్నారు. ప్రజాస్వామ్యం ఆదివాసీలకు మీరు నేర్పేదేం లేదు, మా దగ్గరే మీరు నేర్చుకోవాలి అన్న అర్థంలో మాట్లాడారు. తిట్టు తిట్టుగా మిగల్లేదు. మనల్ని 'ఆదివాసీ' అనాలా, 'వనజాతి' అనాలా అన్న చర్చలోనూ ఆయన గట్టిగా నిలబడ్డారు. ఈ రోజుకీ ఆ గొడవ తీరలేదని మీకు తెలుసు.

జాతి సమానత్వం కోసం చేసిన ప్రసంగాల్లో ప్రపంచమంతా చెప్పుకునేది 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో మార్టిన్ లూథర్ కింగ్ చేసింది. అందులో 'కల' ఒక్కటే అందరికీ గుర్తు. కానీ ఆ ప్రసంగం మొదటి సగం ఒక బాకీ లెక్క. అమెరికా తన రాజ్యాంగంలో అందరికీ రాసిచ్చిన మాట నల్లవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి బ్యాంకులో చెల్లని చెక్కు అయింది, ఆ బాకీ వసూలుకు వచ్చాం అన్నాడాయన. దయ చూపమని ఎవరినీ అడగలేదు. వాళ్ళ కాగితాన్నే వాళ్ళ ముందు పెట్టాడు. అదే ఏడాది బర్మింగ్‌హామ్‌లో పిల్లలు సైతం జైళ్ళకు వెళ్ళారు. ఆ కష్టం వెనక ఉంది కాబట్టే ఆ మాటకు బరువు వచ్చింది. 1964లో పౌర హక్కుల చట్టం వచ్చింది.

మన దగ్గర అలాంటి చెక్కులు చాలానే ఉన్నాయి. ఐదో షెడ్యూల్ ఉంది, 1/70 చట్టం ఉంది, 1996 పెసా ఉంది, 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. వీటిని చదివి, ఏ సెక్షన్ ఏం చెప్తుందో పట్టుకుని అడిగే గొంతులు ఎన్ని ఉన్నాయి?

మన పక్కనే ఒడిశాలో నియమగిరి ఉంది. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, కొండను బాక్సైట్ తవ్వకానికి ఇవ్వాలా వద్దా అన్న విషయంలో గ్రామసభల మాట వినాలంది. 12 ఊళ్ళు కూర్చున్నాయి. జడ్జి పరిశీలకుడుగా వచ్చారు. డోంగ్రియా కోందులు పెద్ద ఉపన్యాసాలు ఇవ్వలేదు. ఈ వాగు ఎక్కడ పుడుతుంది, ఈ కొండ మాకు ఏమవుతుంది, ఇక్కడ ఏం పండించుకుంటాం అని తమ భాషలో, తమకు తెలిసింది చెప్పారు. 12కు 12 సభలూ వద్దన్నాయి. మర్సటి ఏడాది జనవరిలో కేంద్రం ఆ తవ్వకానికి అనుమతి నిరాకరించింది. డిగ్రీలు లేని మనుషుల మాట ఒక పెద్ద కంపెనీని ఆపింది.

ఇక్కడే ఒక విషయం గట్టిగా గుర్తుపెట్టుకోండి. అటవీ హక్కుల చట్టం నియమాల్లో 13వ నియమం ప్రకారం, హక్కు అడుగుతున్న మనిషి కాకుండా వేరే పెద్దలు చెప్పిన మాటను రాసి పెడితే అది సాక్ష్యం కిందికి వస్తుంది. అంటే మన అవ్వ, మన పటేల్, మన తాత "ఈ పోడు వీళ్ళ అయ్య కొట్టింది, నాకు తెలుసు" అంటే ఆ మాటకు చట్టంలో విలువ ఉంది. కానీ రాసి పెడితేనే. రాయకపోతే ఆ తాతతోపాటే ఆ సాక్ష్యం కూడా పోతుంది. ఎంతమంది తాతలు అట్లా పోయారో మీ ఊరి సంగతి మీకే తెలుసు.

కాబట్టి చదువుకున్న తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, పండక్కి ఊరికి పోయినప్పుడు ఈ పని పెట్టుకోండి. పెద్దవాళ్ళ దగ్గర కూర్చోండి. గోండిలో చెప్తే గోండిలోనే, కోలామిలో చెప్తే కోలామిలోనే వినండి. తెలుగులో రాయండి, మళ్ళీ చదివి వినిపించండి, సంతకమో వేలిముద్రో తీసుకోండి. అటవీ హక్కుల గ్రామసభకు సగం మంది రావాలి, వచ్చినవాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళుండాలి. లేకపోతే కోరం లేదని మన తీర్మానాన్నే కొట్టేస్తారు. ఆడవాళ్ళు వచ్చి వెనక కూర్చుంటే సరిపోదు, వాళ్ళు మాట్లాడింది రిజిస్టర్‌లో పడాలి. సభ అయ్యాక తీర్మానం నకలు చేతిలో లేకుండా లేవకండి.

ఇక మైకు దొరికినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. నేను ఒప్పించాల్సిన మనిషి ఇక్కడ ఉన్నాడా? నేను అడిగేది ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పగలనా? నా మాటకు ఆధారం నా చేతిలో ఉందా? ఈ మూడూ ఉంటే గొంతు చిన్నదైనా పర్వాలేదు. భాష తడబడినా పర్వాలేదు. మీ యాసను చూసి నవ్వేవాడు నవ్వనీ, వాడు మీ సర్వే నంబరును చూసి నవ్వలేడు.

ఈ ఆగస్టు 9న చప్పట్లతో పాటు మీ ఊరి నుంచి ఒక్క రాతపూర్వక తీర్మానం, ఒక్క పెద్ద మనిషి వాంగ్మూలం బయటికి రావాలి. మీ ఊళ్ళో ఎవరి మాట ముందుగా రాయాలో ఇప్పుడే అనుకోండి. ఆలస్యం చేయకండి, వాళ్ళ వయసు ఆగదు.

మావ నాటే మావ రాజ్!
జల్, జంగల్, జమీన్ మనదే!