ఒకప్పుడు నాలుగొందలట!

బంగారం ధర అడిగి చూడండి, మన ఇళ్ళల్లో ఏ ఆడమనిషైనా తడుముకోకుండా చెప్తుంది. అమ్మ పెళ్ళినాటికి కాసెంత, తన పెళ్ళినాటికెంత, పెద్దమ్మాయికి గొలుసు చేయించినప్పుడెంత... అన్నీ నోటికొచ్చు. ఏ పుస్తకంలోనూ రాసుకోం. ఎప్పుడు పెరిగిందో, ఎప్పుడు కాస్త దిగి మళ్ళీ ఎగిసిందో గుర్తు పెట్టుకుని దాన్నిబట్టే కొంటాం, ఆగుతాం. మరి అదే ఇంట్లో, మన పేరు మీదే ఉన్న డీమాట్ ఖాతాలో ఏ కంపెనీ షేర్లున్నాయి, ఎంతకు కొన్నారు అని అడిగితే? "ఏమో! మావారు చూసుకుంటారు" అనో, "అబ్బాయి ఫోన్లో ఉంటుంది" అనో జవాబు. ఓటీపీ మాత్రం మన ఫోనుకే వస్తుంది. వంటింట్లోంచి ఆ అంకెలు అరిచి చెప్పడంతో మన పని సరి!

షేర్లు కొనాలా వద్దా అన్న జోలికి నేను పోవడంలేదు. ఎవరి ఇంటి పరిస్థితి వారిది. నేను చెప్పాలనుకుంటున్నది పాత ధరల సంగతి. ఎందుకంటే ఈమధ్య పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో, అపార్ట్‌మెంట్ వాట్సప్ గ్రూపుల్లో ఒకటే మాట వింటున్నాను. "ఆ షేరు ఒకప్పుడు నాలుగొందలట, ఇప్పుడు ఇరవైకే వస్తోందట!" వినగానే మనకి పండక్కి బట్టల కొట్లో కట్టే బోర్డు గుర్తొస్తుంది. పాత ధర కొట్టేసి, పక్కన ఎర్ర అంకెల్లో కొత్త ధర. చీరైతే సరే, నాలుగొందలప్పుడూ అదే చీర, ఇరవైకిచ్చినా అదే చీర. చిరుగుందేమో విప్పి చూసుకుంటాం. షేరు అలా కాదు. ధర మారేసరికి లోపలి సరుకే మారిపోయి ఉండవచ్చు.

యెస్ బ్యాంక్‌నే తీసుకోండి. 2018 ఆగస్టులో ఆ షేరు నాలుగొందలు దాటింది. 2020 మార్చిలో బ్యాంకు మునిగే స్థితికొస్తే రిజర్వు బ్యాంకు కలగజేసుకుని, స్టేట్ బ్యాంకు మొదలైనవాళ్ళ చేత డబ్బు పెట్టించి నిలబెట్టింది. ఆ జూలైలో మళ్ళీ కొత్త షేర్లు అమ్మినప్పుడు ధర 12 రూపాయలు. ఇక్కడ చాలామంది గమనించనిది ఒకటుంది. 2020 మొదట్లో దాదాపు 255 కోట్లుండే షేర్లు ఈ రెండు విడతల తర్వాత 2,500 కోట్లకు చేరాయి. అంటే పదిమందికి పెట్టిన చారులో నీళ్ళు పోసి వందమందికి వడ్డించినట్టు. షేరు మళ్ళీ నాలుగొందలు కావాలంటే బ్యాంకు పాత స్థాయికి వస్తే చాలదు, దానికి పదింతలు కావాలి. ధరల పట్టికలో నాలుగొందలు కనిపిస్తుంది గానీ ఈ నీళ్ళ సంగతి కనిపించదు.

పాత ధరలు ఎక్కడ దొరుకుతాయంటారా? బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజీ, నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీ వెబ్‌సైట్లలో కంపెనీ పేరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకానో ఇస్తే పట్టిక వచ్చేస్తుంది. పైసా కట్టనక్కర్లేదు. ఓపెన్, హై, లో, క్లోజ్ అని నాలుగు గళ్ళుంటాయి. పొద్దున్న మొదలైన ధర, ఆ రోజు ఎక్కిన ఎత్తు, దిగిన లోతు, చివరికి నిలిచిన ధర అన్నమాట. పక్కనే వాల్యూమ్, అంటే ఎన్ని షేర్లు చేతులు మారాయో. రైతుబజారులో టమాటా ధర పొద్దున్నా సాయంత్రమూ కనుక్కునేవాళ్ళకి ఇందులో కొత్తేమీ లేదు. రోజూ వేలల్లో అమ్ముడయ్యే షేరు ఒకనాడు హఠాత్తుగా లక్షల్లో చేతులు మారితే ఆ తేదీ పక్కన టిక్కు పెట్టుకుని, ఆనాటి పేపరు వెతకండి. పట్టికను ఒంటరిగా చదవకూడదు, తేదీ పక్కన వార్త పెట్టుకుని చదవాలి.

ఇందులో ఒక తిరకాసుంది. ఇన్ఫోసిస్ 1993లో జనానికి షేర్లమ్మినప్పుడు ఒక్కోటి 95 రూపాయలు. ఇప్పటి కొన్ని చార్టుల్లో ఆ కాలానికి పోయి చూస్తే పైసల్లో కనబడుతుంది, లెక్కకట్టి చూస్తే సుమారు 9 పైసలు! తొమ్మిది పైసలకు ఆ షేరు ఎవరూ కొనలేదు. మరి ఆ అంకె ఎలా వచ్చింది? 1994, 1997, 1999లలో ఒకటికి ఒకటి బోనసు ఇచ్చారు. 2000లో షేరుని రెండుగా చీల్చారు. 2004లో ఒకటికి మూడు, తర్వాత 2006, 2014, 2015, 2018లలో మళ్ళీ ఒకటికొకటి. లెక్కేసుకోండి, ఆనాటి ఒక్క షేరు ఇప్పుడు 1,024 షేర్లు. 9,500 పెట్టి వంద కొన్నవారికి లక్షా రెండువేల నాలుగొందల షేర్లు. అందుకని చార్టు గీసేవాళ్ళు పాత ధరని 1,024తో భాగించి చూపిస్తారు. ఎక్స్ఛేంజీ పట్టికలో సాధారణంగా అలా భాగించరు, ఆ రోజు జరిగిన బేరమే ఉంటుంది. అది చూస్తే 2018 సెప్టెంబరులో ఇన్ఫోసిస్ ఒక్కరోజులో సగానికి పడిపోయినట్టు కనబడి గుండె గుభేల్మంటుంది. పడలేదు, బోనసు వల్ల ఒకటి రెండయింది, అంతే. ఎవరైనా చార్టు చూపించి "ఇన్ని వందల రెట్లు పెరిగింది" అన్నా, "సగానికి పడింది" అన్నా, ముందు అడగాల్సింది ఇదే: ఇది బోనసులు సర్దిన ధరా, సర్దనిదా?

ఇన్ఫోసిస్ కథ అందరూ చెప్తారు. సత్యం కథ మన హైదరాబాదుదే అయినా షేర్లమ్మేవాళ్ళ నోట రాదు. 2008లో ఆ షేరు 544 దాకా వెళ్ళింది. డిసెంబరు 16న మేటాస్ కంపెనీలను కొంటామని ప్రకటించి, మదుపరులు గగ్గోలు పెట్టేసరికి గంటల్లోనే వెనక్కి తగ్గారు. మర్నాడు ఒక్కరోజే షేరు దాదాపు 30 శాతం పడింది. తేదీ పక్కన టిక్కు పెట్టుకోవాలన్నానే, అలాంటి రోజది. 2009 జనవరి 7న లెక్కల్లో మోసం చేశామని రామలింగరాజు ఉత్తరం రాశారు. ముందురోజు 179 దగ్గరున్న షేరు ఆ సాయంత్రానికి 40 దగ్గర ఆగింది. ఆ రోజు అమ్మేవాళ్ళున్నారంటే కొన్నవాళ్ళూ ఉండాలి కదా! నూటడెబ్భై తొమ్మిది సరుకు నలభైకే అనుకుని ఉంటారు. మధ్యలో ఒకరోజు సెలవు, జనవరి 9న ఒక దశలో అది 12 రూపాయల కన్నా కిందికి జారింది. అసలు ఆ 544 మాత్రం నిజమా? బేరం నిజమే, ఎవరో డబ్బిచ్చి కొన్నారు. కానీ ఆ ధర దొంగ లెక్కల మీద కట్టింది.

ఇంకో సంగతి. ఇవాళ మీరు సత్యం షేరు ధర వెతికితే ఆ పేరున్న కంపెనీయే మార్కెట్లో లేదు. 2013లో టెక్ మహీంద్రాలో కలిసిపోయింది. సత్యం షేర్లు 17 ఉంటే టెక్ మహీంద్రావి 2 ఇచ్చారు. 2015లో వాళ్ళు బోనసిచ్చి, షేరుని చీల్చడంతో ఆ 2 కాస్తా 8 అయ్యాయి. 544 చొప్పున 17 షేర్లకు 9,248 రూపాయలు పెట్టినవారికి ఈ ఎనిమిదింటిలో ఒక్కోటి 1,156 పడ్డట్టు. టెక్ మహీంద్రా ఆ ధర చూసింది 2021లో! పదమూడేళ్ళు. మధ్యలో వచ్చిన డివిడెండ్లు వేరే సంగతి, అవి ధరల పట్టికలో కనబడవు. ఆడపిల్ల పెళ్ళికో, చదువుకో అని దాచిన డబ్బు పదమూడేళ్ళు ఆగగలదా?

పాత ధరలు చూసి రేపటి ధర చెప్తామనేవాళ్ళని నేను నమ్మను. కథలు రాసేదాన్ని కనక అంటున్నాను, కథలో అయితే ముందు జరిగినదాన్నిబట్టి ముగింపు వస్తుంది, రాసేవాళ్ళం రప్పిస్తాం. మార్కెట్‌కి అలాంటి బాధ్యతేమీ లేదు. పాత ధరల వల్ల తెలిసేది, ఈ షేరు గతంలో ఎంత లోతు పడింది, తేరుకోవడానికి ఎన్నేళ్ళు తీసుకుంది, అంతకాలం మన ఇల్లు దాని కోసం ఆగగలదా అన్నది. ఆ మూడోది ఏ చార్టూ చెప్పదు. ఇంటి ఖర్చులు చూసేవాళ్ళకే తెలుసు.

పాత ధర కచ్చితంగా అక్కరకొచ్చే చోటు ఇంకొకటుంది, అది మన ఆడవాళ్ళు తెలుసుకుని తీరాలి. మా బాబాయి పోయిన తర్వాత ఆయన షేర్లు మా పిన్ని పేరుకి మారాయి. అవసరం వచ్చి కొన్ని అమ్మబోతే ఆడిటరు అడిగిన మొదటి ప్రశ్న, "వీటిని కొన్నదెంతకు?" అని. "మీ బాబాయి ఎప్పుడు కొన్నారో, ఎంతకు కొన్నారో నాకేం తెలుసే!" అని పిన్ని దిగులుపడింది. వారసత్వంగా వచ్చిన షేర్లకు, పోయినవారు కొన్న ధరే మన ధరగా లెక్కిస్తారు. అదృష్టం, బ్రోకరు ఇచ్చిన కాగితాలు ఒక ఫైల్లో దొరికాయి. 2005లో కొన్నవి, ఒక్కోటి 40. అమ్మే ధర 420. అంటే షేరుకి 380 లాభమా? కాదు. 2018 జనవరి 31కి ముందు కొన్న షేర్లయితే, ఆ రోజు ఎక్స్ఛేంజీలో నమోదైన అత్యధిక ధరని కొన్న ధరగా తీసుకోవచ్చు. పిన్ని షేరు ఆ రోజు 300 పలికింది. కనక లాభం 120 మాత్రమే. ఏడాదికి పైగా ఉంచుకున్న షేర్ల మీద, సంవత్సరానికి లక్షా పాతికవేలు దాటిన లాభానికి 2024 జూలై 23 నుంచి పన్ను 12.5 శాతం. ఆ ఒక్క తేదీ ధర తెలియడంవల్ల ఎంత తేడా వచ్చిందో చూడండి. (అమ్మిన ధర ఆనాటి ధరకన్నా తక్కువైతే లెక్క కాస్త మారుతుంది, ఆడిటరుని అడగండి.)

మీ ఇంట్లో 2018కి ముందు కొన్న షేర్లుంటే ఒక మధ్యాహ్నం కూర్చుని, ఒక్కో కంపెనీకీ జనవరి 31 నాటి హై ధర రాసుకోండి. పక్కన కొన్న తేదీ, కొన్న ధర, ఆ తర్వాత వచ్చిన బోనసులు. పిల్లల పాత నోటుబుక్కులో రెండు పేజీలు చాలు. ఆ పుస్తకం బీరువాలో పెడతారో, పోపుల డబ్బా వెనక పెడతారో మీ ఇష్టం, ఎక్కడుందో మాత్రం ఇంట్లో ఇంకొకరికి చెప్పి ఉంచండి.