పట్టాలు పరిచే పిల్లవాడు రోగి కాడు

‘ఫోనులో ఆటలు మత్తుమందుతో సమానం’ అన్న మాట నేడు పెళ్లిపందిళ్లలోను, పాఠశాలల్లో జరిగే తల్లిదండ్రుల సమావేశాలలోను వేదవాక్యంవలె చెల్లుబాటవుతున్నది. వైద్యవృత్తిలో తల నెరిసిన నేను ఈ మాటను నిరాకరిస్తున్నాను. అది అశాస్త్రీయం మాత్రమే కాదు, ప్రమాదకరం కూడ. ఆటను దోషిగా నిలబెట్టి మనం అసలు వ్యాధిని చూడడం మానివేస్తున్నాము. ఈ తప్పు నేనూ చేశాను గనుక ముందుగా దానినే ఒప్పుకొంటాను.

పదవీ విరమణ తరువాత ఆత్మకూరులో తెలిసినవారికి వైద్య సలహాలు చెబుతూ ఉన్నాను. ఉదయగిరి నుండి ఒక అవ్వ పన్నెండేళ్ల మనుమణ్ణి వెంటబెట్టుకొని వచ్చింది. “డాక్టరయ్యా, వీడికి దినామూ తలనొప్పే. బళ్లో నిద్రపోతాడంట. ఎప్పుడు చూసినా ఆ సెల్లులో రైలుపట్టాలు ఏస్తానే ఉంటాడు” అన్నది. ఏ ఆట, ఎంతసేపు, ఏ వేళ అని నేను అడగలేదు. కళ్లు పరీక్షించలేదు. “ఫోను లాగేసుకోండమ్మా” అని ఒక్క మాటతో చికిత్స ముగించాను. తండ్రి ఫోనును బీరువాలో పెట్టి తాళం వేశాడు. నెల గడిచింది. బడిలో నిద్ర తగ్గింది గాని తలనొప్పి తగ్గలేదు.

రెండవసారి వచ్చినప్పుడు అక్షరాల పట్టిక చదివించాను. సగం వరుసలు కూడ దాటలేకపోయాడు. వాడికి హ్రస్వదృష్టి. నల్లబల్ల మీది రాతలు మసకగా కనబడుతున్నవని వాడు ఎవరికీ చెప్పలేదు, అడిగినవారూ లేరు. కళ్లద్దాలు వచ్చిన తరువాత తలనొప్పి తగ్గింది. ఆ నెల రోజుల బాధకు కారణం ఆట కాదు, నా తొందరపాటు.

అప్పుడు వాడిని కూర్చోబెట్టి ఆట గురించి అడిగాను. కాగితం తీసుకొని లెక్కలు వేసి చూపించాడు. ఆట పేరు మైన్‌క్రాఫ్ట్. అందులో భూమిని తవ్వి ఇనుప ఖనిజం తీయాలి, కొలిమిలో కరిగించి కడ్డీలు చేయాలి. ఆరు ఇనుప కడ్డీలకు ఒక కర్ర చేర్చితే పదహారు పట్టాలు వస్తాయి. ఒక్కొక్క పట్టా ఒక మీటరు. అంటే కిలోమీటరు మార్గానికి 378 కడ్డీలు కావాలి. మామూలు పట్టాల మీద బండి క్రమంగా నెమ్మదిస్తుంది గనుక నడుమ నడుమ బంగారంతోను, రెడ్‌స్టోన్ అనే ఎర్రని పొడితోను చేసిన శక్తిపట్టాలు వేయాలి. బండి గరిష్ఠ వేగం సెకనుకు ఎనిమిది మీటర్లు, అనగా గంటకు 28.8 కిలోమీటర్లు. “మన బస్సు కంటే నిదానం తాతా, అయినా ఇది రైలు గదా” అన్నాడు. వాడు కట్టుకొన్న మార్గం ఉదయగిరి దుర్గం కొండ కింద సొరంగంలో బయలుదేరి ఆత్మకూరులో ఆగుతుంది.

ఈ లెక్కలో నిష్పత్తులున్నవి, ప్రణాళిక ఉన్నది, ఓర్పు ఉన్నది. దీనిని మత్తు అని పిలిచేవారు ఒక్కసారి మన ప్రాంతపు చరిత్రను తలచుకోవాలి. నా ఉద్యోగకాలమంతటా ఉదయగిరిలో గాని ఆత్మకూరులో గాని రైలు కూత వినబడలేదు. అత్యవసర రోగిని నెల్లూరుకు పంపాలంటే రోడ్డే గతి. వింజమూరు, ఆత్మకూరు, రాపూరు, వెంకటగిరి మీదుగా వెళ్లవలసిన నడికుడి–శ్రీకాళహస్తి మార్గం, సుమారు 309 కిలోమీటర్లది, 2011-12లో మంజూరయింది. మైన్‌క్రాఫ్ట్ పూర్తిరూపంలో విడుదలైనది కూడ 2011 నవంబరులోనే. పెద్దలు దశాబ్దం దాటినా రైలు చూపించలేకపోయిన ఊళ్ల మధ్య పిల్లవాడు తన రైలు తానే వేసుకొన్నాడు. దానికి వాడిని రోగి అనడం న్యాయమా?

మరి వైద్యశాస్త్రం ఏమంటున్నది? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి 1 నుండి అమలులోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణలో ‘గేమింగ్ రుగ్మత’ ఉన్నది, నిజమే. కాని దాని నిర్వచనం చదివినవారు తక్కువ. ఆట మీద అదుపు తప్పాలి. తక్కిన జీవితమంతా ఆట వెనుకకు నెట్టివేయబడాలి. హాని కలుగుతున్నా ఆట ఆగకూడదు. దానివలన చదువు, కుటుంబం, స్నేహాలు గట్టిగా దెబ్బతినాలి. సాధారణంగా ఈ స్థితి పన్నెండు నెలలు కనబడాలి. అవ్వ ఫిర్యాదు, తండ్రి కోపం ఆ లక్షణాలలో లేవు.

అట్లని నేను ఆటల కంపెనీలకు వకాల్తా పుచ్చుకోలేదు. ‘ఇది ఆట కాదు, విద్య’ అనే ప్రచారం కూడ అంతే అబద్ధం. ఆ బాలుడు రాత్రి పదకొండు దాకా దుప్పటిలో పట్టాలు వేసేవాడు. బడిలో నిద్రకు కారణం అదే. ఆరు నుండి పన్నెండేళ్ల పిల్లలకు తొమ్మిది మొదలు పన్నెండు గంటల నిద్ర అవసరం. ఐదు నుండి పదిహేడేళ్లవారికి సగటున రోజుకు ఒక గంట చెమట పట్టే శారీరకశ్రమ కావాలి. చైనాలోని గ్వాంగ్‌జౌ పాఠశాలల్లో మూడేళ్లపాటు పిల్లలను రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట ఉంచితే, వారిలో కొత్తగా హ్రస్వదృష్టి వచ్చినవారు 30.4 శాతం, అట్లా ఉంచని పిల్లలలో 39.5 శాతం. 2015లో వెలువడిన ఈ ఫలితం మన పాఠశాలల గోడల మీద రాయదగినది. ఎండ ఉచితం, కళ్లద్దాలు కాదు.

తల్లిదండ్రులారా, మరొక్క మాట. రెండేళ్లలోపు బిడ్డకు తెర అసలే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఆ వయసులో ఫోను చూపిస్తూ గోరుముద్దలు తినిపించినది మనమే. రాత్రి పది దాకా సీరియళ్లు చూసేది మనమే. పిల్లవాడు కట్టడం మొదలుపెట్టగానే నేరస్థుడైనాడా?

కనుక నా చీటీ ఇది. ఫోను పగలగొట్టకండి, వేళ కట్టండి. పడుకొనే గంట ముందు ఫోను పెద్దల గదిలో ఉండాలి, పెద్దల ఫోనుతో సహా. సాయంత్రం వెలుతురుండగా ఆరుబయట ఆట ముందు, తెర మీద ఆట తరువాత. అపరిచితులతో సంభాషణ, డబ్బు చెల్లింపు మూసివేయండి. ఏడాదికొకసారి కంటిచూపు పరీక్ష చేయించండి. వారానికొకసారి వాడి పక్కన కూర్చొని ఏమి కట్టాడో అడగండి.

శక్తిపట్టాకు సంకేతం అందితే బండిని నెడుతుందని, అందకపోతే ఆపివేస్తుందని ఆ బాలుడే నాకు చెప్పాడు. ఆ సంకేతం వేళకు ఇవ్వవలసినవారు పెద్దలు. అది చేయక పట్టాలు పీకివేయడం వైద్యం కాదు. నేను ఒకసారి ఆ పని చేశాను. మీరు చేయకండి.