ఈ-సిగరెట్టు పడితే బీడీ వదులుతుందా?

పొగ మానాలనుకునేవారికి ఈ-సిగరెట్టు మంచి మందు అని కొందరంటారు. ఎన్నడూ పొగ ఎరుగని పిల్లలకు పన్నిన వల అని మరికొందరంటారు. ఏది నిజం? దాన్ని పట్టింది ఎవరన్నదాన్ని బట్టి రెండూ నిజమేనని మేము భావిస్తున్నాము.

ఇంగ్లండులో పొగ మానదలచి ప్రభుత్వ కేంద్రాలకు వచ్చిన 886 మందిపై జరిపిన పరీక్ష ఫలితాలు 2019లో వెలువడ్డాయి. ఈ-సిగరెట్టు ఇచ్చినవారిలో ఏడాది తర్వాత నూటికి 18 మంది సిగరెట్టుకు దూరంగా ఉన్నారు. నికోటిన్ పట్టీలు, చూయింగ్ గమ్ వంటివి ఇచ్చినవారిలో సుమారు 10 మందే. అయితే ఈ-సిగరెట్టుతో మానినవారిలో నూటికి 80 మంది ఏడాది తర్వాత కూడా దాన్ని వదలలేదు. పొగ పోయింది కానీ నికోటిన్ బానిసత్వం పోలేదు.

ఇక రెండూ తాగేవారున్నారు. సిగరెట్లు తగ్గించామని వీరి తృప్తి. కానీ రోజుకు ఒక్కటి తాగినా, ఇరవై తాగితే గుండెకు కలిగే అదనపు ముప్పులో దాదాపు సగం తప్పదని 2018లో పరిశోధకులు లెక్కగట్టారు. తగ్గించడం వేరు, మానడం వేరు.

అసలు బాధ పిల్లలది. పండ్ల రుచులు చూపి వారిని ఆకర్షిస్తారు. ఈ-సిగరెట్టు రుచి చూసిన పిల్లల్లో తర్వాత సిగరెట్టు పట్టేవారు ఎక్కువని అమెరికా అధ్యయనాలు చెబుతున్నాయి. దుడుకు పిల్లలే రెండింటి జోలికీ పోతారన్న వాదన కూడా ఉంది. అయినా పిల్లవాడికి నికోటిన్ అలవాటు కావడం చిన్న నష్టమా? పెద్దలకు పొగ మాన్పించడానికి ఈ-సిగరెట్లను ప్రోత్సహించిన బ్రిటన్ సైతం, పిల్లల చేతికి పోతున్నాయని, వాడి పారేసే రకాన్ని 2025 జూన్ 1 నుండి నిషేధించింది.

మన దేశంలో 2019 నుండి వీటి అమ్మకం నేరం. మొదటిసారి పట్టుబడితే ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. కానీ బీడీ, సిగరెట్టు మాత్రం వీధి చివరి కొట్లోనే దొరుకుతున్నాయి. కాబట్టి నిషేధంతోనే మన ఇళ్ళలో పొగ ఆరిపోదు.

రమజాన్‌లో సహరీ నుండి ఇఫ్తార్ వరకు బీడీ ముట్టని సోదరులు మనలో ఎందరో ఉన్నారు. పగలంతా ఓర్చుకున్నవారికి ఇఫ్తార్ తర్వాత వెలిగించే ఆ మొదటి బీడీని ఆపడమే మిగిలిన పని. సాయం కావలసినవారికి 1800-11-2356 అనే ప్రభుత్వ ఉచిత నంబరు ఉంది. తండ్రి పొగ మానిన ఇంట్లో కొడుకుకు చెప్పే మాటకు విలువ ఉంటుంది.