కొండదారి పట్టేవారి బ్యాగులో ఏముండాలి?

శివరాత్రికో, ఉగాదికో నల్లమల అడవిగుండా శ్రీశైలం నడిచి వెళ్లాలని మొదటిసారి అనుకున్నవారు, సెలవుల్లో స్నేహితులతో కలిసి కొండలెక్కాలని ఉబలాటపడే కుర్రకారు ముందుగా చేసే పని ఒకటుంది. బజారుకు వెళ్లి పెద్ద బ్యాగు కొనడం. తరువాత అది నిండేదాకా సామాను కుక్కడం. ఇది తలకిందుల పద్ధతి. బ్యాగు ఆఖరున కొనవలసిన వస్తువు. ముందు మీ పాదాలకు, తరువాత మీ దాహానికి కావలసినవి చూసుకోండి.

ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా కైలాసద్వారం చేరే పాత దారినే తీసుకుందాం. అటవీశాఖ అనుమతించిన రోజుల్లోనే ఆ దారిన పోవాలి. రాళ్లు, ఎండ, లోయలోకి దిగడం, మళ్లీ మెట్లెక్కడం అన్నీ ఉన్న దారి. మధ్యలో ఎవరైనా కూలబడితే, ఆసుపత్రికి చేర్చడానికి ముందు మనుషులు మోసుకుని బయటకు తేవాలి. అంచేత బ్యాగు సర్దుకోవడం కూడా వైద్యంలో భాగమే.

పాదరక్షలు

డబ్బు ఖర్చు పెట్టదలిస్తే ఇక్కడ పెట్టండి. బూట్లు సాయంత్రంపూట కొనండి. పొద్దుటికంటే సాయంత్రానికి పాదాలు కొంచెం ఉబ్బి ఉంటాయి. నడకలోనూ అంతే. మేజోళ్లు తొడుక్కునే బూట్లు వేసి చూడండి. బొటనవేలి ముందు ఒక వేలి మందం ఖాళీ ఉండాలి. లేకపోతే దిగుడులో వేళ్లు ముందుకు గుద్దుకుని గోళ్లు నల్లబడతాయి. అడుగు భాగం జారకుండా గాళ్లు తీరి ఉండాలి. కొన్న తరువాత రెండు మూడు వారాలు ఊళ్లోనే తొడిగి నడవండి. కొత్త బూట్లతో అడవికి బయలుదేరడమంటే బొబ్బలను పిలిచి పీట వేయడమే.

నూలు మేజోళ్లు చెమటను పీల్చి తడిగా ఉండిపోతాయి. తడి చర్మం త్వరగా ఒరుసుకుంటుంది. ఉన్నివో, సింథటిక్‌వో రెండు జతలు ఉంచుకోండి. పాదంలో ఎక్కడైనా మంట అనిపించగానే ఆగి, అక్కడ ప్లాస్టరు అంటించండి. బొబ్బ వచ్చేదాకా ఆగకండి. వస్తే పైచర్మం పీకకండి.

చెప్పులు లేకుండా నడుస్తామని మొక్కుకునేవారికి ఒక మాట. మీకు మధుమేహం ఉండి, పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటే ముల్లు దిగినా తెలియదు. ఆ చిన్న గాయమే చీము పట్టి వేళ్లు, ఒక్కోసారి కాలే తీసేయవలసిన పరిస్థితి తేవచ్చు. మొక్కును మరో విధంగా చెల్లించుకోండి. బూట్లు తొడిగే ముందు లోపల చెయ్యి పెట్టి చూసుకోండి. రాత్రి దీపం వెలుగులో అరికాళ్లు మరొకరి చేత చూపించుకోండి.

నీరు

ఎండలో నడిచే మనిషికి గంటకు సుమారు అర లీటరు నీరు కావాలి. రెండు లీటర్లు పట్టే సీసాలు మీ దగ్గర ఉండాలి. వాగు నీరు, చెలమ నీరు తేటగా ఉన్నాయని నమ్మి తాగకండి. క్లోరిన్ మాత్ర వేసి అరగంట ఆగండి. ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు నాలుగైదు ఉంచుకోండి. అవి లేకపోతే లీటరు మంచినీటిలో తలకొట్టిన టీ చెంచాలు ఆరు పంచదార, అర టీ చెంచా ఉప్పు కలపండి. ఉప్పు ఇంతకు మించకూడదు.

నడుస్తున్న మనిషి తడబడి, పొంతన లేకుండా మాట్లాడుతూ, ఒళ్లు కాలిపోతుంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటినిండా నీళ్లు పోసి విసరండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకండి. ఒకపక్క ఒళ్లు చల్లబరుస్తూనే ఆసుపత్రికి చేర్చే ప్రయత్నం మొదలుపెట్టండి.

ఇక బ్యాగు

కొత్తవారికి బరువు తమ ఒంటి బరువులో పదోవంతు ఉంటే సుఖం. రెండు మూడు రోజుల నడకకైనా ఐదోవంతు దాటకూడదు. అరవై కిలోల మనిషికి ఆరు కిలోలు. అందులో నీరే రెండు కిలోలని మరచిపోకండి.

తల ముందుకు వంచితే మెడ వెనుక అడుగున ఒక ఎముక పొడుచుకు వస్తుంది. అక్కడినుంచి తుంటి ఎముకల పైఅంచు ఎత్తు వరకూ టేపుతో కొలిపించండి. బ్యాగు వీపు భాగం ఆ కొలతకు సరిపోవాలి. మీ ఎత్తును బట్టి ఎంచుకోకండి. ఇద్దరు ఒకే ఎత్తున్నా వీపు పొడవు తేడా ఉంటుంది. నడుము పట్టీ తప్పనిసరి. అది పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీద కూర్చోవాలి. అప్పుడు బరువులో ఎక్కువ భాగం కాళ్లకు దిగుతుంది. సన్నని పట్టీలతో బరువంతా భుజాల మీద పడితే అక్కడి నరాలు నొక్కుకుని చేతులు తిమ్మిరెక్కుతాయి. తిమ్మిరి మొదలైతే బ్యాగు దించండి. బరువైన వస్తువులు మధ్యన, వీపుకు ఆనించి సర్దండి.

మందులు, ఇతర వస్తువులు

మీరు రోజూ వాడే మాత్రలు రెండు రోజులకు అదనంగా ఉండాలి. ఇన్సులిన్ వాడేవారు దాన్ని బ్యాగు పైజేబులో ఎండకు వదలకుండా, తడిగుడ్డ చుట్టిన డబ్బాలో మధ్యన ఉంచాలి. పక్కనే చక్కెర బిళ్లలు కూడా. ప్లాస్టరు, ఒక రోలర్ బ్యాండేజి, పారాసిటమాల్ చాలు. కీళ్లనొప్పులకు ఇచ్చే ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ వంటివి మింగుతూ ఎండలో నడవకండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు అవి మూత్రపిండాలకు దెబ్బ.

టార్చిలైటు ఒక్కటి, ఈల ఒక్కటి, అంచున్న టోపీ, ఒక జత పొడిబట్టలు ప్లాస్టిక్ సంచిలో చుట్టి. రాత్రిపూట తిరిగే పాములను తప్పించేది టార్చీయే. కరిస్తే కోయడం, పీల్చడం, బిగించి కట్టడం వద్దు. కదలకుండా పడుకోబెట్టి, మోసుకుని ఆసుపత్రికి చేర్చండి.

హిమాలయాలకు వెళ్లేవారికి ఇదే జాబితా. ఉన్ని బట్టలు, వానకోటు కలపండి. అక్కడ తడిసిన నూలుబట్టే శత్రువు. ఒంట్లోని వేడిని లాగేస్తుంది.

ప్రయాణానికి పది రోజుల ముందు, ఇవన్నీ నింపిన బ్యాగు తగిలించుకుని రెండు గంటలు నడవండి. ఆయాసం మామూలే. ఛాతీలో నొప్పి, బిగింపు, కళ్లు తిరగడం ఉంటే ప్రయాణం ఆపి డాక్టరును కలవండి. రక్తపోటుకు మూత్రం ఎక్కువ పోయే మాత్రలు వాడేవారు ముందుగానే అడగాలి. ఇంటికి తిరిగొచ్చాక బ్యాగులోంచి ఏవి అసలు బయటకే తీయలేదో చూసుకోండి. మందులు, టార్చి, ఈల మినహా మిగతావాటిని వచ్చేసారి ఇంట్లోనే వదిలేయండి.