నాస్ పెట్టె రాత్రింబవళ్లు నడవనక్కరలేదు



ఇంట్లో సినిమాలు, పాటలు, పెళ్లి వీడియోలు దాచుకునే నెట్‌వర్క్ స్టోరేజ్ సర్వర్‌ను, అంటే వాడుకలో నాస్ అనే పెట్టెను, రోజుకు 24 గంటలూ నడిపించవలసిన అవసరం లేదు. ఎవరైనా చూడాలనుకున్నప్పుడు టీవీ పక్కనున్న మీడియా ప్లేయరే దాన్ని లేపగలదు. ఇందుకు కావలసినదంతా చాలా నాస్‌లలో ముందే ఉంటుంది, కాకపోతే చాలాసార్లు ఆఫ్‌లో ఉంటుంది. హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల్లో నాస్ అమ్మి, బిగించి ఇచ్చే దుకాణాలవారు మొదటి రోజే ఆ సౌకర్యాన్ని ఆన్ చేసి అప్పగించాలి.

ముందు కరెంటు సంగతి. తమిళనాడులో ఇళ్లకు బిల్లు రెండు నెలలకోసారి వస్తుంది. 2016 నుంచి అందులో మొదటి 100 యూనిట్లు ఉచితం. రెండు డిస్కుల నాస్ సుమారు 20 వాట్లు తీసుకుంటుందనుకుంటే, ఆపకుండా నడిపినప్పుడు రెండు నెలలకు 28.8 యూనిట్లు అవుతుంది. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చినదాంట్లో పావు వంతుకు పైగా ఆ ఒక్క పెట్టెకే పోతుందన్న మాట. అదే పెట్టె రోజుకు నాలుగు గంటలు పనిచేసి, మిగతా 20 గంటలు ఒక వాట్‌తో పడుకుంటే మొత్తం ఆరు యూనిట్లతో సరిపోతుంది. రెండు నెలల వాడకం 500 యూనిట్లు దాటిన ఇంటికి రేట్ల పట్టికే వేరు కాబట్టి, ఆ అంచున ఉన్న కుటుంబానికి ఈ 23 యూనిట్లు చిన్న విషయం కాదు.

టైమర్ పెట్టుకుని సాయంత్రం ఆరుకు లేచేలా, పదకొండుకు ఆగేలా చేసుకోవచ్చని కొందరంటారు. ఆఫీసు వేళలు మారని ఇళ్లకు అది సరిపోవచ్చు. అశోక్ లేలాండ్, టీవీఎస్ మోటార్, టైటాన్ వంటి కర్మాగారాలున్న హోసూరులో మాత్రం కుదరదు. ఈ వారం పగటి షిఫ్టు, వచ్చే వారం రాత్రి షిఫ్టు అయిన మనిషి ఒకరోజు ఉదయం పదింటికి సినిమా పెట్టుకుంటాడు, మరోరోజు అర్ధరాత్రి. అలాంటి ఇంట్లో మనిషి టీవీ ముందు కూర్చున్నప్పుడే నాస్ లేవాలి. ఆ పని గడియారానికి కాకుండా ప్లేయర్‌కే అప్పగించాలి.

లేపే పద్ధతి పేరు వేక్ ఆన్ లాన్. నాస్ ఆగిపోయినా దాని నెట్‌వర్క్ కార్డుకు కొద్దిగా కరెంటు అందుతూనే ఉంటుంది. తన కోసం వచ్చే ఒక ప్రత్యేకమైన సందేశం కోసం ఆ కార్డు కనిపెట్టుకుని ఉంటుంది. దాన్ని మ్యాజిక్ ప్యాకెట్ అంటారు. ఏఎండీ సంస్థ 1995లో దీని వివరాలను ప్రకటించింది. ప్యాకెట్ నిర్మాణం చాలా సులువు: మొదట అన్ని బిట్లూ ఒకట్లే అయిన ఆరు బైట్లు, ఆ తరువాత లేవవలసిన యంత్రపు మ్యాక్ అడ్రస్, అంటే దాని నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య, వరుసగా 16 సార్లు. మొత్తం 102 బైట్లు. నిద్రలో ఉన్న యంత్రానికి ఐపీ అడ్రస్ అంటూ ఉండదు కాబట్టి దీన్ని ఇంటి నెట్‌వర్క్‌లో అందరికీ వినబడేలా, అంటే బ్రాడ్‌కాస్ట్‌గా పంపుతారు. తన అడ్రస్‌ను గుర్తుపట్టిన కార్డు యంత్రాన్ని లేపుతుంది.

ప్లేయర్ల వైపు నుంచి చూస్తే కోడి అనే ప్రోగ్రామ్ దీనికి బాగా అనువైనది. 2014 వరకు ఎక్స్‌బీఎంసీ పేరుతో ఉన్న ఈ ఉచిత ప్రోగ్రామ్‌లో కరెంటు ఆదాకు సంబంధించిన సెట్టింగుల మధ్య, రిమోట్ సర్వర్ అవసరమైనప్పుడు దాన్ని లేపే ప్రయత్నం చేయమనే మీట ఒకటి ఉంది. దాన్ని ఆన్ చేసి, నాస్ నడుస్తున్నప్పుడు ఒకసారి అందులోని సినిమా తెరిస్తే, కోడి ఆ నాస్ మ్యాక్ అడ్రస్‌ను గుర్తుపెట్టుకుంటుంది. స్వయంగా పసిగట్టలేని పెట్టెలో అడ్రస్‌ను చేత్తో రాసి ఇవ్వాలి. సినిమాల జాబితా, పోస్టర్లు మామూలుగా ప్లేయర్‌లోనే భద్రంగా ఉంటాయి కాబట్టి, నాస్ నిద్రలో ఉన్నా ఇంట్లోవాళ్లు జాబితా అంతా తిరగేసుకోవచ్చు. బొమ్మ మీద నొక్కినప్పుడే ప్యాకెట్ వెళ్తుంది. సస్పెండ్‌లో ఉన్న కంప్యూటరైతే కొన్ని సెకన్లలో పలుకుతుంది. పూర్తిగా ఆగిన నాస్‌కు రెండు మూడు నిమిషాలు పట్టవచ్చు. ఆ తేడా తెలియక, మొదటి నిమిషంలోనే ఎర్రర్ చూసి, ఇదంతా పనిచేయదని మీట తీసేసేవాళ్లు ఎక్కువ. కోడిలో వేచి ఉండే సమయాన్ని పెంచుకుంటే ఆ చిక్కు తీరుతుంది.

అయినా లేవని సందర్భాలున్నాయి. కారణాలు దాదాపు ఎప్పుడూ అవే. నాస్‌లోనో, కంప్యూటర్ బయోస్‌లోనో వేక్ ఆన్ లాన్ ఆఫ్‌లో ఉండటం మొదటిది. బయోస్‌లో గాఢనిద్ర సెట్టింగ్ ఆన్‌లో ఉంటే కార్డుకు ఆ కొద్ది కరెంటూ అందదు. నాస్‌ను కేబుల్‌తో కాక వైఫైతో కలపడం మరొకటి. ఇళ్లలో అన్నిటికన్నా ఎక్కువగా ఇబ్బంది పెట్టేది మాత్రం రెండు రౌటర్ల వ్యవహారం. ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన పెట్టె కింది అంతస్తులో ఉంటుంది, పైఅంతస్తుకు సిగ్నల్ అందక ఇంకో రౌటర్ కొంటారు. ఆ రెండోది తనదైన వేరే నెట్‌వర్క్‌ను సృష్టిస్తే, మేడ మీది టీవీ పంపిన బ్రాడ్‌కాస్ట్ కిందికి దిగదు. రెండో రౌటర్‌ను వేరే నెట్‌వర్క్ సృష్టించని యాక్సెస్ పాయింట్‌గా మారిస్తే సరిపోతుంది. బిగించేవారికి ఇది పది నిమిషాల పని. ఇంట్లోవాళ్లకు ఎన్నాళ్లయినా అంతుచిక్కదు.

కరెంటు కోత సంగతి విడిగా చెప్పాలి. సబ్‌స్టేషన్ మరమ్మతుల కోసం పగలంతా సరఫరా ఆపే రోజున, నిద్రలో ఉన్న నాస్‌కు ఆ ఒక వాట్ కూడా ఉండదు. కరెంటు తిరిగి వచ్చాక కొన్ని యంత్రాల కార్డులు మళ్లీ ఒకసారి పూర్తిగా బూట్ అయ్యేదాకా ప్యాకెట్‌ను పట్టించుకోవు. కరెంటు రాగానే తనంతట తాను ఆన్ అయ్యే సెట్టింగ్ పెట్టి, కాసేపటికి మళ్లీ నిద్రపోయేలా చేయడమే దీనికి మందు.

ఇక బయటి నుంచి లేపడం. హోసూరుకు సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని బెంగళూరులో చదువుకునే పిల్లలు ఇంట్లోని పాత వీడియో ఒకటి చూడాలనుకోవడం సహజం. బ్రాడ్‌కాస్ట్ రౌటర్‌ను దాటదు కాబట్టి, అందుకు చాలామంది రౌటర్‌లో పోర్టు తెరుస్తారు. ఆ పని చేయకూడదు. ప్యాకెట్ ఒక్కటి లోపలికి వస్తే పెద్ద నష్టం లేదు, దానితో యంత్రం లేవడం మినహా ఏమీ జరగదు. అయితే లేచిన నాస్‌ను చేరడానికి దాని లాగిన్ పేజీకీ దారి తెరుస్తారు. ప్రమాదం అక్కడుంది. 2021 ఏప్రిల్‌లో క్యూలాకర్, 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్‌లు ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న క్యూనాప్ కంపెనీ నాస్‌లలోకి చొరబడి, ప్రపంచమంతటా ఇళ్లలోని ఫైళ్లకు తాళం వేసి బిట్‌కాయిన్లు అడిగాయి. అమ్మమ్మ గొంతు రికార్డు అయిన ఒకే ఒక్క క్యాసెట్ కాపీ ఆ పెట్టెలో ఉన్నప్పుడు, ఏ సౌకర్యం కోసమైనా అంత తెగింపు తగదు.

పైగా చాలా కనెక్షన్లలో పోర్టు తెరిచినా ఫలితం ఉండదు. ఐపీవీ4 అడ్రస్‌ల కొరత వల్ల కంపెనీలు ఒకే పబ్లిక్ అడ్రస్‌ను ఎందరికో పంచుతాయి. రౌటర్ బయటి అడ్రస్ 100.64తో మొదలై 100.127లోపు ఉంటే, ఆ ఇంటిని బయటి నుంచి ఐపీవీ4తో నేరుగా చేరే దారి లేదు. కనెక్షన్ ఇచ్చేటప్పుడే ఈ సంగతి దరఖాస్తు మీద రాసివ్వడం కంపెనీల బాధ్యత.

సురక్షితమైన దారి వేరే ఉంది. రెండు మూడు వాట్లతో నడిచే రాస్‌ప్‌బెర్రీ పై వంటి చిన్న కంప్యూటర్‌ను ఇంట్లో ఎప్పుడూ ఆన్‌లో ఉంచి, టెయిల్‌స్కేల్ వంటి ప్రైవేట్ నెట్‌వర్క్‌తో బయటి ఫోన్‌ను దానికి కలపాలి. ఇందుకు పోర్టు తెరవనక్కరలేదు, పబ్లిక్ అడ్రస్ కూడా అక్కరలేదు. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం: ఈ నెట్‌వర్క్ బ్రాడ్‌కాస్ట్‌ను మోయదు కాబట్టి ఫోన్ నుంచి ప్యాకెట్ నేరుగా పంపితే నాస్‌కు చేరదు. ఫోన్ చిన్న కంప్యూటర్‌కు ఆదేశం ఇవ్వాలి, ప్యాకెట్‌ను అది ఇంట్లోనే పుట్టించాలి.

మాటిమాటికీ ఆపి, లేపితే డిస్కులు త్వరగా పాడవుతాయన్నది దుకాణాలవారు చెప్పే అభ్యంతరం. పది నిమిషాలకోసారి నిద్రపుచ్చితే అందులో నిజముంది. రోజుకు రెండుసార్లు లేస్తే మాత్రం ఏడాదికి 730 సార్లే అవుతుంది. తయారీదారులు డిస్కులను పదుల వేల సార్లకు తట్టుకునేలా తయారుచేస్తారు. చివరి వాడకం తరువాత గంటసేపు ఆగి నిద్రపోయేలా పెడితే చాలు.

నాస్ అప్పగించేటప్పుడు దుకాణాలవారు ఒక కాగితం కూడా ఇవ్వాలి. దాని మీద నాస్ మ్యాక్ అడ్రస్, లేవడానికి పట్టే సమయం, కరెంటు పోయి వచ్చాక చేయవలసిన పని ఉండాలి. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, కన్నడం నడిచే ఈ ప్రాంతంలో ఆ కాగితం ఇంట్లోవాళ్లు చదవగలిగే భాషలోనే రాసివ్వాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
హోసూరు, కృష్ణగిరి జిల్లా